రాతి ముసుగు

చిన్నీ, బాబీ! ఈ ఉత్తరం మీ అక్కకు కూడా చదివి వినిపించండి.

మొన్న ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు చిన్ని నా చొక్కా పట్టుకు లాగి అడిగింది కదా, "తాతా, ముసుగు రాయే కదా, మరి రాయిలోంచి ముఖం ఎట్లా కనిపిస్తోంది?" అని. మంచి ప్రశ్న. వెనక జనం వస్తూ ఉన్నారు, గంట కొట్టే గడియారం చూడాలని బాబీ తొందర. అక్కడ నిలబడి చెప్పే సంగతి కాదని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. లోపల ముఖం, పైన ముసుగు అని ఆ బొమ్మలో రెండు వేరువేరుగా లేవు. అంతా ఒకటే పాలరాయి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోని చెక్కింది. హైదరాబాద్ దివాన్‌గా పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్ళినప్పుడు దాన్ని కొన్నారు. పెళ్ళికూతురు రెబెక్కా, తనను చేసుకోబోయే ఇస్సాకు ఎదురుగా రావడం చూసి ముసుగు వేసుకుందని బైబిల్లో కథ.

మరి ముఖం ఎక్కణ్ణుంచి వచ్చింది? వినండి. మా బాపమ్మ ఉగాదికి భక్ష్యాలు చేసేది. శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం కలిపి, రోట్లో రుబ్బి, ఆ పూర్ణాన్ని ఉండలు చేసి పళ్ళెంలో వరసగా పెట్టేది. ఆరిపోకుండా వాటి మీద తడి గుడ్డ కప్పేది. అరిగి అరిగి పలచబడ్డ పాత పంచె ముక్క అది. ప్రతి ఉండ నెత్తి మీదా గుడ్డ అంటుకుని నున్నగా ఉండేది. ఉండకూ ఉండకూ మధ్య వదులుగా జారి సన్నటి ముడతలు పడేది. గుడ్డ ఎత్తకుండానే ఎన్ని ఉండలున్నాయో నేనూ, మా చిన్నాయన పిల్లలూ పోటీపడి లెక్కపెట్టేవాళ్ళం. మా కళ్ళకు కనబడేది గుడ్డ ఒక్కటే. అయినా ఉండల్నే చూస్తున్నట్టుండేది. ఎవరైనా గుటుక్కున ఒకటి మింగి, గుడ్డను మళ్ళీ ఎంత జాగ్రత్తగా సర్దినా, బాపమ్మ పెరట్లోంచి వస్తూనే పట్టేసేది. "ఆ మూలకున్నది ఎవరు తిన్నర్రా?" అనేది. ఆ ఒక్క చోట గుడ్డ కిందికి దిగి ఉండేది మరి! అట్లా పట్టుబడ్డ ఉగాదులు నాకు చాలానే గుర్తున్నాయి. పెనం మీద నెయ్యి కాలే వాసన కూడా.

శిల్పి చేసిన పని అదే. పళ్ళెంలో ఉండలు పెట్టకుండా, వాటి మీది తడి గుడ్డ ఒక్కటీ చెక్కాడు. నుదురు, ముక్కు కొన, గడ్డం, ఇట్లా గుడ్డ అంటుకునే చోట్ల రాయిని నున్నగా ఉంచాడు. కంటి గుంటల దగ్గర, చెంపల పక్కన, గుడ్డ వదులయ్యే చోట్ల ముడతలు తీశాడు. ముడత పక్కనే నీడ పడుతుంది. ఆ నీడను చూసి మన కన్ను, లోపల ముఖం ఉందని తీర్మానించేస్తుంది. బాపమ్మ గుడ్డ చూసి లోపలి లెక్క చెప్పినట్టే.

ఇందులో రాయి సాయమూ ఉంది. సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారి పాలరాయి అవుతుంది. ఉలికి తేలిగ్గా లొంగుతుంది. వెలుగు దాని పైనే ఆగిపోదు, కాస్త లోపలికి దిగి, చెదిరి బయటికి వస్తుంది. అందుకే ఆ ముడతలు అంత మెత్తగా కనిపిస్తాయి. మన హైదరాబాద్ బండలు గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో ఒక పలుకు తెల్లన, ఒకటి గులాబీ, ఒకటి నల్లన. అన్ని రంగుల మధ్య అంత సన్నటి నీడ ఎవరి కంటికి ఆనుతుంది? రామప్ప గుడిలో నల్లరాతి మదనికలను, అంటే నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీల బొమ్మలను చెక్కిన మనవాళ్ళ పనితనం ఇంకో రకం. దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

బాబీ, ఆ రోజే పొద్దున కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నువ్వు ఓ చెట్టు మీద బొడిపెను తట్టి చూశావు. అక్కడా తడి గుడ్డే ఉందనుకో. ఎప్పుడో కొమ్మ పోయిన చోటది. చుట్టూ అంచుల నుంచి కొత్త కలప పెరిగి గాయాన్ని మూసేస్తుంది, కొమ్మ మొదలు లోపలే ఉండిపోతుంది. పైన బెరడు ఉబ్బుతుంది. మన ఇంటి తలుపు చెక్కలో గుండ్రటి ముడి ఉంది చూడు, అది అట్లాంటి కొమ్మ మొదలే.

ఇక పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ. అక్క లోపలికి రానని బయట చెట్టు కిందే కూర్చుంది. ఫరవాలేదు, భయం తగ్గాకే చూడొచ్చు. అక్కడ మటుకు గుడ్డ కింద నిజంగానే ఒక మనిషి ఉంది. వేల ఏళ్ల కిందట ఏదో నది ఒడ్డున తిరిగిన మనిషి, మన నాంపల్లికి వచ్చి పడుకుంది. అక్కడ నాకు వివరించడానికి మాటలు రావు. మీరూ నెమ్మదిగా నిలబడి చూడండి, చాలు.

ఆ రోజు చాలామంది రెబెక్కా బొమ్మ ముందు ఫోన్ ఎత్తి, ఫోటో తీసుకుని కదిలిపోయారు. ఫోటో తీసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ నిలబడ్డ చోటు మారితే నీడ మారుతుంది, అది కాళ్ళతో తిరిగి చూస్తేనే తెలుస్తుంది. ఇవాళ రాత్రి ఒక రుమాలు తడిపి మోకాలి మీద పరిచి, లైటు ఆర్పి, ముందు ఎదురుగా టార్చ్ వేయండి. తర్వాత పక్క నుంచి వేయండి. ముడతలు ఎప్పుడు మాయమవుతున్నాయో, ఎప్పుడు లేస్తున్నాయో మీకే తెలుస్తుంది.

మళ్ళీ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే శుక్రవారం వద్దు, సెలవు. ఈసారి మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా చెక్క బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఉండండి. ఫౌస్ట్ అనే జర్మన్ కథలో మెఫిస్టోఫిలిస్ ఒక సైతాను, మార్గరెట్టా ఒక అమాయకురాలైన అమ్మాయి. ఒకే దుంగలో ముందువైపు ఆయన, వెనకవైపు ఆమె. అందరూ ఎదుట నిలబడి ఆమెను అద్దంలో చూస్తారు. మీరు పక్కకు వెళ్ళి చూడండి. ఆయన ఎక్కడ ఆగాడో, ఆమె ఎక్కడ మొదలైందో వెతికి నాకు రాయండి.

మీ తాత