ముళ్ల చేప బొమ్మ చుట్టూ: ఓపెన్‌బీఎస్‌డీపై అపోహలు – వాస్తవాలు

రైల్లో ల్యాప్‌టాప్ తెరిస్తే, తెర మీద ముళ్లు నిక్కబొడుచుకున్న చేప బొమ్మ చూసి పక్క సీటువాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఏ లినక్స్ అండీ?" అని. లినక్స్ కాదంటే రెండో ప్రశ్న సిద్ధం: "మరి దీంతో పని జరుగుతుందా?" నా ఉద్యోగం సర్వర్ల నిర్వహణ. పన్నెండేళ్లుగా సొంత పనంతా, ఆ చేప గుర్తుగా ఉన్న ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం మీదే చేసుకుంటున్నాను, అప్పుడప్పుడు దాని కోడ్‌లో వేలు కూడా పెడుతుంటాను. అభిమానం ఉంది, తీరని చిరాకులూ ఉన్నాయి. దీన్ని పొగిడేవాళ్లు ఉన్నదానికన్నా పెద్దగా, తీసిపారేసేవాళ్లు ఉన్నదానికన్నా చిన్నగా చూపిస్తారు. ఉన్నంత మేరకు చెప్పడమే ఇక్కడ నా ప్రయత్నం.

అపోహ: ఇది లినక్స్‌లో ఒక రకం

కాదు. లినక్స్ అనేది నిజానికి కెర్నల్ (యంత్రాన్ని నేరుగా నడిపే కేంద్ర భాగం) పేరు. ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ ఒకరు, ఆదేశాలు అందుకునే షెల్ మరొకరు, మిగతా సామగ్రి ఇంకెందరో రాస్తే పంపిణీదారులు వాటన్నిటినీ కూర్చి ఇస్తారు. ఓపెన్‌బీఎస్‌డీ బర్క్లీ యూనిక్స్ సంతతి. 1995 అక్టోబరులో థియో డి రాట్ అదే సంతతికి చెందిన నెట్‌బీఎస్‌డీ ప్రాజెక్టు నుంచి విడిపోయి దీన్ని మొదలుపెట్టారు. ఇప్పటికీ దీని కేంద్రం కెనడాలోని క్యాల్గరీయే. కెర్నల్, లైబ్రరీ, షెల్, నెట్ రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్, మెయిల్ సర్వర్, వెబ్ సర్వర్, మాన్యువల్ పేజీలు అన్నీ ఒకే కోడ్ చెట్టులో ఉంటాయి, ఒకే బృందం చూసుకుంటుంది.

దీనివల్ల వాడేవాడికి ఒరిగేదేమిటంటే, మాన్యువల్ అబద్ధం చెప్పదు. ప్రోగ్రాం మారితే దాని పేజీ కూడా మారాల్సిందే. పేజీలో తప్పుంటే దాన్ని కోడ్‌లో తప్పుగానే లెక్కిస్తారు. ఓ రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సిగ్నల్ లేని చోట కూర్చుని, పీఎఫ్ అనే దీని ఫైర్‌వాల్ నియమాలన్నీ మాన్యువల్ ఒక్కటే ముందు పెట్టుకుని రాశాను. ఇంటికి చేరాక అవి మొదటిసారే పనిచేశాయి. వెతుకులాట పేజీల్లో పదేళ్ల నాటి సలహాలు ఏరుకునే అలవాటు నాకు అలా తగ్గింది.

అపోహ: దీన్ని ఎవరూ ఛేదించలేరు

ఈ మాట అనేది ఎక్కువగా అభిమానులే. ప్రాజెక్టు మాత్రం అలా అనదు. వాళ్ల నినాదం సారాంశం ఇది: ఇంత సుదీర్ఘ కాలంలో, డిఫాల్ట్ (ఏమీ మార్చకుండా ఎక్కించిన) ఇన్‌స్టలేషన్‌లో, బయటి నుంచి చొరబడే వీలిచ్చిన లోపాలు రెండే. 2002లో, దూరపు యంత్రాల్లోకి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపం బయటపడేవరకు ఒక్కటీ లేదని రాసుకునేవారు. అప్పుడు ఒకటి అని మార్చారు. 2007లో ఐపీవీ6 అనే నెట్ చిరునామాల పద్ధతి కోడ్‌లో మరొకటి దొరికాక రెండు అని దిద్దారు.

ఇందులో అసలు బరువంతా ‘డిఫాల్ట్’ అనే మాట మీద ఉంది. 2020 జనవరిలో వీళ్లదే అయిన మెయిల్ సర్వర్ ఓపెన్‌ఎస్‌ఎంటీపీడీలో ఘోరమైన లోపం బయటపడింది. అయినా నినాదంలోని అంకె మారలేదు. ఎందుకంటే డిఫాల్ట్‌గా ఆ సర్వర్ ఆ యంత్రంలోని ప్రోగ్రాములతో తప్ప బయటివారితో మాట్లాడదు. లెక్క సరైనదే. కానీ ఆ సర్వర్‌ను బయటికి తెరిచి నడుపుతున్న నాలాంటివాళ్లకు ఆ వారం నిద్ర లేదు.

మెచ్చుకోదగ్గ సంగతి నినాదంలో లేదు. తప్పులు జరుగుతాయని ముందే ఒప్పుకుని, జరిగినప్పుడు నష్టం ఎంతలో ఆగాలన్నది ఆలోచించే తీరులో ఉంది. ‘ప్లెడ్జ్’ అనే పిలుపుతో ప్రోగ్రాం తనకు ఏ ఏ పనులు కావాలో కెర్నల్‌కు మాట ఇస్తుంది. మాట తప్పిందా, కెర్నల్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ‘అన్‌వెయిల్’తో ఏ ఫైళ్లు కావాలో చెబుతుంది. మిగతావి దాని దృష్టిలో లేనట్టే.

లేనట్టే అన్నది అక్షరాలా నిజం. ఈ రక్షణ ఫైర్‌ఫాక్స్‌కు వచ్చిన మొదట్లో ఓసారి పన్ను పత్రం అప్‌లోడ్ చేద్దామని ఫైర్‌ఫాక్స్‌లో ఫైలు ఎంచుకునే కిటికీ తెరిస్తే నా హోమ్ డైరెక్టరీలో డౌన్‌లోడ్స్ తప్ప ఏమీ కనిపించలేదు. ఫొటోలు లేవు, పత్రాలు లేవు. డిస్కు పోయిందనుకుని గుండె ఆగినంత పనైంది. టెర్మినల్లో చూస్తే అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. బ్రౌజర్‌కు అవి చూసే హక్కు లేదు, అంతే. అప్పటి నుంచి ఏదైనా పంపాలంటే ముందు డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేస్తాను. చికాకే. కానీ ఏదో ఒక దొంగ వెబ్ పేజీ బ్రౌజర్‌ను లొంగదీసుకున్నా సర్వర్లలోకి లాగిన్ అయ్యే నా ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు దాని కంటపడవు. ఆ హక్కుల జాబితా సాదా టెక్స్ట్ ఫైలే, మార్చుకోవచ్చు. నేను మార్చలేదు.

అపోహ: ఫైర్‌వాల్‌కే తప్ప రోజువారీ పనికి పనికిరాదు

డెవలపర్లే తమ ల్యాప్‌టాపుల్లో దీన్ని వాడుతూ దీన్ని రాస్తారు. ఫైర్‌ఫాక్స్, క్రోమియం, లిబ్రే ఆఫీస్, గింప్, వీడియో ప్లేయర్లు అన్నీ ప్యాకేజీలుగా సిద్ధంగా ఉంటాయి. ఆరు నెలలకో కొత్త విడుదల వస్తుంది. ‘సిస్‌అప్‌గ్రేడ్’ అని ఒక్క ఆదేశం ఇచ్చి టీ పెట్టుకుని వచ్చేసరికి పని దాదాపు అయిపోతుంది.

లేనివి కూడా చెప్పాలి కదా. బ్లూటూత్ లేదు. ఉన్న కోడ్ సరిగా పనిచేయడం లేదని, చూసుకునేవారూ లేరని 2014లో తీసేశారు. నేను యూఎస్‌బీ సౌండ్ కార్డులా కనిపించే చిన్న డాంగిల్‌తో ఇయర్‌ఫోన్లు కలుపుకుంటాను. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుతో వేగం ఆశించకండి. ప్రోగ్రాములను పెట్టెల్లా కట్టి నడిపే డాకర్ నడవదు. కాపీ రక్షణ ఉన్న ఓటీటీ సినిమాలు ఆడవు. మైకు, కెమెరా డిఫాల్ట్‌గా మూసి ఉంటాయి. మొదటి వీడియో సమావేశంలో పది నిమిషాలు మూగవాడిలా చేతులూపి, ఆ తర్వాత తెలుసుకున్నాను.

కొత్తగా ప్రయత్నించేవారికి ఒక చిట్కా. చాలా వైఫై చిప్‌లకు కావాల్సిన ఫర్మ్‌వేర్‌ను (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) లైసెన్సు కారణాల వల్ల సిస్టంతో కలిపి ఇవ్వరు, విడిగా దించుకోవాలి. దాన్ని దించుకోవడానికి నెట్ ఎక్కడిది? ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ పంచండి. సిస్టం దాన్ని ఒక నెట్‌వర్క్ కార్డుగా గుర్తిస్తుంది.

అపోహ: మరీ నెమ్మది, పైగా కరెంటు పోతే డేటా గోవిందా

మొదటి సగం చాలావరకు నిజమే. ఇంటెల్ ప్రాసెసర్ల లోపాలు వరుసగా బయటపడుతున్న 2018లో, ఒక్కో కోర్ రెండు పనులను కలిపి చేసే హైపర్‌థ్రెడింగ్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. అదే యంత్రం మీద లినక్స్ వేగంగా ఉంటుంది. దీని మీద వాదించి లాభం లేదు.

రెండో సగంలోనే గందరగోళం. దీని ఫైల్ సిస్టంకు జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు. యూపీఎస్ లేని బల్ల మీది కంప్యూటర్లో ఓ వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చాక, యంత్రం లేస్తూనే డిస్కు తనిఖీ మొదలుపెట్టింది. కాసేపటికి తన వల్ల కాదని, చేత్తో నడపమని నల్లటి తెర మీద అడిగి ఆగిపోయింది. తనిఖీ ఆదేశం ఇచ్చి ప్రతి ప్రశ్నకూ అవునంటూ పోతే పావుగంటలో లేచి కూర్చుంది. పోయింది అప్పుడు రాస్తున్న ఒక్క ఫైలు. ఇన్‌స్టాలర్ డిస్కును ముక్కలుగా విభజించి పెట్టడంలో మేలు అప్పుడు తెలిసింది. దెబ్బ తగిలిన ముక్కకే మరమ్మతు, మిగతావి పదిలం. అయినా సరే, ల్యాప్‌టాప్ కాకపోతే ముందు యూపీఎస్ కొనండి. ఈ విషయంలో నాకు ఏ మాత్రం అభిమానం లేదు.

అపోహ: ఎవరూ వాడనిదానితో మనకేం పని

హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ రోజూ సర్వర్లలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యేవారు ఎక్కువగా టైపు చేసేది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశాన్నే. అది 1999లో ఈ ప్రాజెక్టులో పుట్టింది. మ్యాక్‌లో అదే ఉంది, 2018 నుంచి విండోస్ 10లోనూ చేరింది. ఆండ్రాయిడ్ ఫోను సీ లైబ్రరీలో చాలా కోడ్ ఇక్కడి నుంచి వెళ్లినదే.

ఇంత ఇచ్చిన ప్రాజెక్టు 2014 జనవరిలో కరెంటు బిల్లుకు 20,000 డాలర్లు లేక బహిరంగంగా చేయి చాచాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే హార్ట్‌బ్లీడ్ లోపం లోకాన్ని వణికించింది. ఆ లోపం దాగి ఉన్న, నెట్ సంభాషణలను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌ను విడిగా తీసుకుని శుభ్రం చేయడానికి కూర్చున్నది కూడా వీళ్లే. మొదటి వారంలోనే దాదాపు 90,000 పంక్తులు పీకేశారు. లిబ్రేఎస్‌ఎస్‌ఎల్ అలా పుట్టింది.

అపోహ: తెలుగు రాదు

బ్రౌజర్లో, లిబ్రే ఆఫీసులో చక్కగా వస్తుంది. నోటో ఫాంట్ల ప్యాకేజీ ఎక్కించుకోవాలి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, తెర మీది కిటికీలను నడిపే ఎక్స్ వ్యవస్థతో పాటే వస్తుంది. చిక్కంతా ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్లో. ‘లక్ష్మి’ అని రాస్తే వత్తులు విడిపోయి నాలుగు ముక్కలవుతుంది. లొకేల్ (భాష, ప్రాంతాల అమరిక) మద్దతు కూడా అక్షరాల ఎన్‌కోడింగ్ వరకే ఉంది, తేదీలూ సందేశాలూ తెలుగులో రావు.

అపోహ: డెవలపర్లు కరకు మనుషులు, కొత్తవారిని దగ్గరికి రానివ్వరు

ముక్కుసూటి మనుషులన్నది నిజం. నా మొదటి సవరణ ఒక మాన్యువల్ పేజీకి. ఒక ఐచ్ఛికం గురించి వివరణ తప్పుగా ఉందని గమనించి, సరిచేసి, ఆ పక్కనే రెండు పేరాలు నా సొంత తెలివి కూడా జోడించి మెయిల్ పంపాను. మర్నాడు ఒకే పంక్తి జవాబు వచ్చింది: ట్యాబులు ఖాళీలుగా మారిపోయాయి, ఈ ప్యాచ్ (మార్పుల ఫైలు) అతకదు. పలకరింపు లేదు, ధన్యవాదం లేదు. ఒళ్లు మండింది.

చూస్తే తప్పు నా మెయిల్ ప్రోగ్రాముదే. అది ట్యాబులన్నిటినీ మౌనంగా మింగేసింది. ఇక్కడ మార్పులు ఇప్పటికీ కోడ్ మార్పులను నమోదు చేసే సీవీఎస్ అనే పాతకాలపు వ్యవస్థలోకే చేరతాయి. ప్యాచ్‌లు మెయిల్‌లో తిరుగుతాయి, మరో డెవలపర్ చూసి సరే అన్నాకే లోపలికి వెళ్తాయి. నాతోపాటు ఆ జవాబిచ్చిన మనిషి కూడా నా ప్యాచ్‌ను అతికించి చూడటానికి సమయం పెట్టారని అర్థమయ్యాక కోపం చల్లారింది. ప్రోగ్రాం మార్చి మళ్లీ పంపాను. ఈసారి రెండు ప్రశ్నలు వచ్చాయి, రెండూ న్యాయమైనవే. వారం తర్వాత సవరణ చేరిందని తెలిసి ఉత్సాహంగా తెరిచి చూశాను. నేను జోడించిన పేరాలు రెండూ లేవు. తప్పుగా ఉన్న పాత వాక్యాన్ని కూడా దిద్దకుండా ఏకంగా తీసేశారు. కింద నా పేరు మాత్రం ఉంది.