పక్కకు తిప్పడమూ వైద్యమే: బెడ్‌సోర్ల వెనుక ఉన్న పాత గొడవ

మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని ఇవాళ ఏ ఆస్పత్రిలోనైనా చెబుతారు. పక్షవాతం వచ్చినవాళ్లకి, తుంటి ఎముక విరిగినవాళ్లకి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి, అందరికీ ఇదే మాట. తీరా ఒకేచోట బరువు ఆని నడుం కిందో, మడమ దగ్గరో పుండు, అంటే బెడ్‌సోర్, పడ్డాక మాత్రం సిస్టర్లు పట్టించుకోలేదని ఇంటివాళ్లు, తోడున్నవాళ్లు తిప్పలేదని వార్డు వాళ్లు ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. ఇది నూటయాభై ఏళ్లకు పైబడిన గొడవ. అది ఎలా నడిచిందో తెలిస్తే, నర్సు చేసే పనిని మనం ఎంత తక్కువగా లెక్కేస్తున్నామో అర్థమవుతుంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో, రోగికి పడక పుండు పడితే అది చాలావరకు జబ్బు వల్ల కాదు, నర్సింగ్‌లో లోపం వల్లే అని తేల్చి చెప్పింది. ఆ రోజుల్లో ఇది చాలా పెద్ద మాట, ఎందుకంటే పుండును ఆపవచ్చని, ఆపే పని ఫలానా మనిషిదని అంత స్పష్టంగా చెప్పడమంటే నర్సింగ్‌కి సొంత బాధ్యత ఉందని ఒప్పుకున్నట్టే. కానీ నాకు అనిపించేదేమిటంటే, ఆ ఒక్క వాక్యంతో నింద కూడా నర్సు మెడకే చుట్టుకుంది, ఆమెకు ఎంతమంది రోగులు, పక్కన చెయ్యి వేసేవాళ్లు ఎవరు అనే ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరూ అడగలేదు.

డాక్టర్లలోనూ అప్పట్లో ఏకాభిప్రాయం లేదు. పారిస్‌లో షార్కో లాంటి పేరున్న నరాల వైద్యుడే, మెదడో వెన్నుపామో దెబ్బతింటే చర్మం దానంతటదే కుళ్లిపోతుందని, ఆ పుండు చావుకు సూచన అని నమ్మాడు. బ్రౌన్-సెకార్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త అంతకుముందే జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఒత్తిడి, తడి లేకుండా చూస్తే నరం తెగినా పుండు పడదని చెప్పాడు గానీ, షార్కో మాటే ఎక్కువకాలం చెల్లింది. ఎలాగూ పడేదే అనుకున్న పుండును ఆపడానికి రాత్రంతా మేలుకొని మనిషిని తిప్పేదెవరు?

ఆ నమ్మకాన్ని పనితో పడగొట్టినవాడు లుడ్విగ్ గుట్‌మన్. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరిన ఈ యూదు వైద్యుడికి, 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు అప్పగించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇలాంటి గాయాలైనవాళ్లలో చాలామంది పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో చనిపోయారు, అందుకే ఈ వార్డు మీద కూడా ఎవరికీ పెద్దగా ఆశ లేదు. గుట్‌మన్ పెట్టిన నియమం ఒక్కటే: పగలూ రాత్రీ తేడా లేకుండా రెండు గంటలకోసారి ప్రతి రోగినీ తిప్పాలి. చేతులు సరిపోవాలి కాబట్టి నర్సులతో పాటు ఆర్డర్లీలను, అంటే వార్డు సహాయకులను, జట్లుగా పెట్టాడు, రాత్రిపూట తనే వచ్చి చూసేవాడు. మనుషులు బతికారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, అదే ఆస్పత్రి మైదానంలో 16 మంది వీల్‌చైర్లలో కూర్చుని విలువిద్య పోటీలో పాల్గొన్నారు. పారాలింపిక్స్‌కి మొదలు అదే. ఆ క్రీడల గురించి చెప్పేటప్పుడు రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి ఆ రోగులను తిప్పిన చేతుల గురించి కూడా చెప్పుకోవాలి, చెప్పుకోం.

తర్వాత లెక్కలు మొదలయ్యాయి. మైఖేల్ కోసియాక్ అనే వైద్యుడు 1959లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు, తక్కువ ఒత్తిడి అయినా ఎక్కువసేపు ఉంటే కండ చచ్చిపోతుందని చూపించాయి, అంటే మెత్తటి పరుపైనా సరే కదలకుండా పడుకుంటే ముప్పే. 1962లో డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు తన సహచరులతో కలిసి వృద్ధుల వార్డుల్లో చేసిన అధ్యయనం నాకు చాలా ఇష్టమైనది. అప్పటిదాకా పుండు రాకుండా వీపుకి స్పిరిట్ రుద్దడం, పౌడర్ చల్లడం, రకరకాల ఆయింట్‌మెంట్లు రాయడం ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో రకం ఆచారం. అసలు పని చేసేది ఒత్తిడి తీసేయడమేనని ఆమె బృందం తేల్చింది. ముప్పు ఎవరికుందో ముందే గుర్తించడానికి ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు అనే అయిదింటికి ఒక్కోదానికి నాలుగేసి మార్కులు పెట్టింది. ఇరవైకి పద్నాలుగు, అంతకంటే తక్కువ వస్తే ఆ మనిషికి ముప్పున్నట్టు. అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1987లో తెచ్చిన బ్రేడెన్ స్కేల్ తిండినీ, తడినీ, పక్క మీద జారేటప్పుడు పడే రాపిడినీ కూడా లెక్కలోకి తెచ్చింది. ఇవాళ మన కార్పొరేట్ ఆస్పత్రుల ఐసీయూ చార్టుల్లో కనిపించేది ఎక్కువగా ఇదే.

1992లో అయోవా యూనివర్సిటీ నర్సులు, నర్సింగ్ ఇంటర్వెన్షన్లన్నిటికీ, అంటే రోగి కోసం నర్సు చేసే పనులన్నిటికీ, పేర్లు పెట్టి ఒక వర్గీకరణ అచ్చేశారు, మొదటి కూర్పులోనే 336 ఉన్నాయి. రోగిని పడుకోబెట్టే తీరు, ఒత్తిడి పుండ్ల నివారణ అందులో విడివిడి అంశాలు. పేరు లేని పని చార్టులోకి ఎక్కదు, చార్టులో లేనిది బిల్లులోనూ ఉండదు, సిబ్బందిని పెంచమని అడిగేటప్పుడు సాక్ష్యంగానూ పనికిరాదు, అందుకే ఈ జాబితా కేవలం కాగితం పని అనుకోకూడదు. 2008 అక్టోబర్ నుంచి అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్, ఆస్పత్రిలో చేరాక ముదిరిన పుండ్లు పడితే వాటికయ్యే అదనపు ఖర్చు ఇవ్వనంది. అంతే, పుండు యాజమాన్యాల సమస్య కూడా అయింది.

చేతుల లెక్క, అంటే ఎంతమంది రోగులకి ఎంతమంది నర్సులు అన్నది, మాత్రం ఆలస్యంగా వచ్చింది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల మీద చేసి 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నర్సుకి ఒక్కో రోగి పెరిగేకొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. కాలిఫోర్నియా నర్సుకి ఇంతమందే రోగులని 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. మన దగ్గర 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థ మీద నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్క చూస్తే 43,000 మంది జనాభాకి ఒక్క నర్సు. తర్వాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ టీచింగ్ ఆస్పత్రుల్లో ముగ్గురు రోగులకి ఒకరు, మామూలు ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలని ప్రమాణాలు పెట్టింది. ఏ పెద్దాస్పత్రి జనరల్ వార్డుకైనా రాత్రి డ్యూటీ వేళ వెళ్లి చూడండి, ఆ ప్రమాణానికీ కంటికి కనిపించేదానికీ పొంతన ఉండదు. ఆ ఖాళీని నింపేది రోగి పక్కన కింద చాప వేసుకుని పడుకున్న భార్య, కోడలు, కొడుకు. వాళ్లకి ఎలా తిప్పాలో నేర్పినవాళ్లు ఉండరు.

కోవిడ్ రెండో వేవ్‌లో రోగిని తిప్పే ఈ పనికి ఒక్కసారిగా విలువ వచ్చింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న వెంటిలేటర్ రోగుల్ని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు సగానికి తగ్గాయని 2013లో ఫ్రాన్స్ పరిశోధన చూపించింది. గొట్టాలు ఊడకుండా అలాంటి మనిషిని బోర్లా తిప్పడానికి నలుగురైదుగురు ఒకేసారి కావాలి, తిప్పాక మొహం మీద, గడ్డం మీద కొత్త పుండ్లు పడకుండా చూడాలి. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇళ్లలో ఉన్న రోగులకి కూడా బోర్లా పడుకోమని సూచనలిచ్చింది.

రెండు గంటల నియమం కూడా రాతిమీద రాత కాదు. బెర్గ్‌స్ట్రామ్ బృందమే 2013లో నర్సింగ్ హోముల్లోని వృద్ధుల మీద పరీక్షించి, మంచి ఫోమ్ పరుపు ఉంటే మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినా తేడా పెద్దగా లేదని చూపింది. మామూలు దూది పరుపు మీద ఆ ధీమా పనికిరాదు.

ఇంట్లో చూసుకునేవాళ్లకి ఈ చరిత్రలోంచి పనికొచ్చేవి కొన్ని. మనిషిని లాగొద్దు, నడుం కింద మడత దుప్పటి వేసి ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి, లాగితే చర్మం లోపలే చీరుకుపోతుంది. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి మీద పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి, మడమలు పరుపుకి తగలకూడదు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దొద్దు. మన చర్మం రంగుకి ఎరుపు సరిగా కనబడదు, వేడిగా ఉందా గట్టిపడిందా అని తాకి చూడాలి. మెడికల్ షాపులో అమ్మే గుండ్రటి గాలి ట్యూబు కొనకండి, అది చుట్టూ నొక్కి మధ్యలో రక్తం అందకుండా చేస్తుంది. డిశ్చార్జ్ రోజు మందుల చీటీతో పాటు తిప్పే వేళలు రాసిన చార్టు కూడా అడిగి తీసుకోండి, వార్డులో ఉండగానే సిస్టర్ ఎదుట ఒకసారి మీ చేత్తో తిప్పి సరిగా ఉందో లేదో అడగండి.