నారింజ మబ్బు వెబ్‌సైటుకే, మెయిలుకు కాదు

"అన్నా, సైటు మంచిగనే తెరుచుకుంటుంది గానీ ఫోన్ల మెయిలు కనెక్టయితలేదు. పంపినవి గూడ అవతలోళ్లకు స్పామ్ల పడుతున్నయట." మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లు, గద్వాల, నారాయణపేటల్లో చీరల వ్యాపారులు, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు కాలేజీల ఆఫీసు సిబ్బంది వెబ్‌సైట్లు చూసుకునే మాలాంటి వాళ్లకు ఫోన్ చేసి చెప్పే మాట ఇది. ఈ మధ్య ఏమన్నా మార్చిన్రా అని అడిగితే జవాబు దాదాపు ఒకటే. డొమైన్‌ను, అంటే సైటు పేరును, దాడుల నుంచి సైట్లను కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ సేవకు మార్చారు. పేర్లను చిరునామాలతో కలిపే డీఎన్‌ఎస్ పేజీలో పేర్ల పక్కన ఉండే మబ్బు గుర్తును నారింజ రంగులోకి తిప్పారు. నారింజ అంటే భద్రం, బూడిద రంగు అంటే ప్రమాదం అనుకున్నారు.

ఆ అనుకోవడంలో తప్పు పట్టడానికేం లేదు. ఆ పేజీని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ వెబ్‌కూ మెయిలుకూ దారులు వేరు. అవి వేరైన కథ నలభై ఏళ్ల కిందటిది.

ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ అన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫెయిన్లర్ బృందం దాన్ని చూసుకునేది. యంత్రాలు పెరిగే కొద్దీ ఒక్క ఫైలుతో నడవడం కష్టమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌కు రూపం ఇచ్చారు. అంతకు ఏడాది ముందే, 1982లో, జాన్ పోస్టెల్ మెయిలు పంపే పద్ధతి ఎస్ఎంటీపీని రాసిపెట్టారు. అప్పట్లో చాలా యంత్రాలు నెట్‌వర్క్‌కు నేరుగా కలిసి ఉండేవి కావు. వాటి మెయిలును ఇంకో యంత్రం తీసుకుని అందించాల్సి వచ్చేది. అందుకే "ఈ పేరుగల యంత్రం ఎక్కడుంది" అన్న ప్రశ్న ఒకటి, "ఈ పేరుకు వచ్చే మెయిలు ఎవరు తీసుకుంటారు" అన్న ప్రశ్న ఇంకొకటి అయ్యాయి. మొదటిదానికి జవాబు "ఏ" (ఇంగ్లిషు అక్షరం A) రికార్డు, రెండోదానికి ఎంఎక్స్ రికార్డు. 1986లో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ రాసిన పత్రం మెయిలు సర్వర్లు ఈ ఎంఎక్స్‌ను ఎలా వాడాలో ఖాయం చేసింది. ఒక వెసులుబాటు మాత్రం మిగిలింది: ఎంఎక్స్ లేకపోతే "ఏ" రికార్డు చెప్పిన చోటికే మెయిలు పంపాలి. 2008 నాటి ఎస్ఎంటీపీ ప్రమాణంలోనూ ఆ నియమం ఉంది.

మన దగ్గర చిన్న వ్యాపారాలు సొంత డొమైన్లు కొనే నాటికి ఈ తేడా కంటికి కనబడకుండా పోయింది. సీప్యానెల్ అనే నిర్వహణ పేజీతో, పలువురు ఒకే సర్వర్ పంచుకునే షేర్డ్ హోస్టింగులో ఒకే ప్యాకేజీ కింద వెబ్‌సైటు, మెయిలు, డేటాబేసు అన్నీ ఒకే పెట్టెలో, ఒకే ఐపీ (అంకెల చిరునామా) మీద వచ్చేవి. డబ్బులు తక్కువ, పని తేలిక. ఇప్పటికీ మా దిక్కు ఎన్నో సైట్లు అట్లనే ఉన్నాయి.

2010లో మాథ్యూ ప్రిన్స్, మిషెల్ జాట్లిన్, లీ హాలోవే క్లౌడ్‌ఫ్లేర్‌ను బయటికి తెచ్చారు. "ఏ" రికార్డుకు నారింజ మబ్బు పెడితే, అడిగినవాళ్లకు మన సర్వర్ ఐపీకి బదులు ఆ కంపెనీ ఐపీ వెళ్తుంది. బ్రౌజర్ ముందు వాళ్ల దగ్గరికి పోతుంది, వాళ్లు మన సర్వర్ నుంచి పేజీ తెచ్చి ఇస్తారు. 2013లో, స్పామ్ పంపేవాళ్ల జాబితాలు తయారుచేసే స్పామ్‌హౌస్ మీద జరిగిన భారీ దాడిని తట్టుకోవడంలో ఈ ఏర్పాటే పనికొచ్చింది. ఉచితంగా కూడా దొరుకుతుంది కాబట్టి చిన్న ఊళ్ల సైట్ల దాకా చేరింది.

అయితే మధ్యలో నిలబడే ఆ ప్రాక్సీ మోసేది వెబ్ రాకపోకలను మాత్రమే. మెయిలు సర్వర్లు మాట్లాడుకునే 25వ పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు), ఫోన్లలో మెయిలు యాప్‌లు వాడే 587, 993 మామూలు ప్లాన్లలో దాని గుండా పోవు. మెయిలు సర్వర్ పేరుకు నారింజ మబ్బు పెడితే ఫోన్ వెళ్లి క్లౌడ్‌ఫ్లేర్ తలుపు కొడుతుంది, అక్కడ పలికేవాళ్లుండరు. ఎంఎక్స్ లేకుండా పాత వెసులుబాటు మీదే బతుకుతున్న డొమైన్‌కు వచ్చే మెయిలు కూడా ఆ తలుపు దగ్గరికే పోతే ఇంకా కష్టం. పంపినవాళ్ల సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, ప్రమాణం ప్రకారం నాలుగైదు రోజుల తర్వాతే చేతులెత్తేస్తుంది. అప్పటిదాకా ఆర్డరు పోయిన సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు.

పంపే మెయిళ్ల కథ వేరు. ఒక కాలేజీ మెయిలు గూగుల్ దగ్గర ఉందనుకోండి. ఫీజు రసీదులను మాత్రం వెబ్‌సైటు ఉన్న సర్వరే పంపుతుంది. డొమైన్ పేరుతో మెయిలు ఎవరెవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో రెండు అనుమతులుంటాయి: గూగుల్ సర్వర్లు, ఆ తర్వాత "ఏ" అన్న ఒక్క అక్షరం. మా డొమైన్ "ఏ" రికార్డులో ఉన్న ఐపీ కూడా మా పేరుతో మెయిలు పంపవచ్చు అని దానర్థం. ఎన్నేళ్లయినా అది సరిగ్గానే నడుస్తుంది. మబ్బు నారింజ కాగానే ఆ "ఏ"కు జవాబుగా క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలు వస్తాయి. రసీదు పంపే సర్వర్ ఐపీ ఆ జాబితాలో ఉండదు. ఎస్‌పీఎఫ్ రికార్డును ఎవరూ ముట్టుకోలేదు, అయినా పరీక్షలో తప్పుతుంది.

మెయిలు అసలైనదని చూపే డీకిమ్ సంతకానికీ ఇలాంటి చిక్కే. దాని తాళంచెవి ఉన్న చోటు చూపే సీనేమ్ రికార్డుకు (ఒక పేరును ఇంకో పేరుకు మళ్లించేది) నారింజ మబ్బు పెడితే ఆ తాళంచెవి దొరకదు. డొమైన్‌ను మార్చేటప్పుడు క్లౌడ్‌ఫ్లేర్ చేసే స్కాన్‌కు కొన్ని రికార్డులు చిక్కకపోవచ్చు కూడా. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాయి. ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి, జీమెయిల్‌కు రోజుకు 5,000 పైగా పంపేవాళ్లకు ఈ పరీక్షలు తప్పిన మెయిలును ఏం చేయాలో చెప్పే డీమార్క్‌తో సహా మూడూ ఉండాలి. అందుకే ఒకప్పుడు చెల్లిపోయిన లోపాలు ఇప్పుడు చెల్లడం లేదు.

ఇక గోప్యత. సర్వర్ ఐపీ దాచాలని మబ్బు పెడతాం, మెయిలేమో దాన్ని బయటపెడుతుంది. ఎంఎక్స్ అదే పెట్టెను చూపిస్తే అడిగిన ప్రతివాడికీ ఐపీ తెలుస్తుంది. ఎంఎక్స్ చూపే పేరుకు నారింజ మబ్బు ఉంటే, మెయిలు ఆగకుండా క్లౌడ్‌ఫ్లేరే డీసీ అన్న అక్షరాలతో ఇంకో పేరు పుట్టించి అసలు ఐపీని దానికి తగిలిస్తుంది. వచ్చే మెయిలు అందుతుంది, దాపరికం పోతుంది. ఇంకో దారి ఉంది. సైటులో పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కండి. వచ్చిన మెయిలును జీమెయిల్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ చూడండి. రిసీవ్డ్ అని మొదలయ్యే వరుసల్లో, ఆ మెయిలు బయలుదేరిన సర్వర్ ఐపీ చాలాసార్లు కనిపిస్తుంది. దాడి చేయదలచినవాడికి ఇంతకంటే సులువైన ఆనవాలు అక్కర్లేదు. పైగా పాత డీఎన్‌ఎస్ రికార్డులను భద్రపరిచి చూపించే సేవలున్నాయి. మబ్బు పెట్టకముందు ఉన్న ఐపీ వాటిలో నిలిచిపోతుంది.

గోప్యతకు ఇంకో ముఖం ఉంది, దాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. ప్రాక్సీ పేజీ అందించాలంటే ఎన్‌క్రిప్షన్‌ను, అంటే బయటివాళ్లు చదవలేకుండా కట్టిన మూటను, మధ్యలో విప్పాలి. అడ్మిషన్ ఫారంలో పిల్లలు నింపే ఆధార్ నంబరు, కులం, తల్లిదండ్రుల ఫోన్ నంబరు అన్నీ ఆ కంపెనీ యంత్రాల్లో విడి రూపంలో ఉండి మళ్లీ మూటకడతాయి. 2017 ఫిబ్రవరిలో గూగుల్ పరిశోధకుడు టావిస్ ఓర్మండీ క్లౌడ్‌బ్లీడ్ లోపాన్ని బయటపెట్టినప్పుడు, ఒక సైటు వాడకందార్ల సమాచారం ఇంకో సైటు పేజీల్లోకి కారిపోయిందని తేలింది. ఆ లోపాన్ని వెంటనే సరిచేశారు. ప్రాక్సీ వద్దని నేను అనను, దాడులు తట్టుకోలేని చిన్న సర్వర్లకు అది కావాలి. కానీ 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక, సమాచారం ఎవరెవరి చేతుల గుండా పోతోందో సేకరించేవాళ్లకు తెలిసుండాలి.

పని చేసే వరస కూడా ముఖ్యమే. ముందు మెయిలును వెబ్ ఉన్న పెట్టె నుంచి వేరే చోటికి మార్చాలి. సైటు పంపే రసీదులూ పాస్‌వర్డ్ మెయిళ్లూ ఆ మెయిలు సేవ ద్వారానే పోవాలి. ఎస్‌పీఎఫ్‌లో "ఏ" తీసేసి, ఆ సేవ చెప్పిన మాటనే రాయాలి. మెయిలుకు సంబంధించిన పేర్లకు బూడిద మబ్బే ఉంచాలి. ఇవన్నీ అయ్యాక వెబ్ సర్వర్‌కు కొత్త ఐపీ ఇమ్మని హోస్టింగు వాళ్లను అడిగి, అది వచ్చాక ఒక్క సైటుకే నారింజ మబ్బు పెట్టాలి. సొంత సర్వర్ ఉంటే వెబ్ వాడే 80, 443 పోర్టుల్లోకి క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించిన ఐపీలను తప్ప వేరే వాటిని రానివ్వకూడదు. షేర్డ్ హోస్టింగులో ఇది మన చేతిలో ఉండదు, ఐపీ మార్చడం కూడా చాలా చోట్ల కుదరదంటారు. అలాంటి చోట సర్వర్ ఐపీ దాగి ఉందని ఎవరికీ హామీ ఇవ్వకండి.