యాక్సిలరేటర్ కేబుల్ టైట్ చేస్తే పికప్ పెరుగుతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేవాళ్లు తరచూ చెప్పే మాట: "అన్నా, యాక్సిలరేటర్ లూజుగా ఉంది. టైట్ చెయ్యి, పికప్ వస్తుంది."

అపోహ: కేబుల్‌లో ప్లే (గ్రిప్ కాస్త తిప్పినా రేజ్ అందని ఖాళీ) లేకుండా బిగిస్తే పికప్ పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. ప్లే మరీ ఎక్కువైతే తగ్గించాలి, అంతేగానీ మొత్తం తీసేయకూడదు. చాలా బండ్లకి గ్రిప్ అంచు దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు కేబుల్ వంపు మారి లోపలి తీగ లాగుతుంది. ఆ కాస్త ఖాళీ లేకపోతే మీరు రేజ్ ఇవ్వకుండానే ఇంజన్ రేజ్ అందుకుంటుంది. గేర్ల బండైతే క్లచ్ పట్టుకుని ఆపుకోవచ్చు. స్కూటర్‌కి క్లచ్ లివర్ లేదు కదా, యూటర్న్‌లో దానంతట అదే ముందుకు దూకుతుంది.

పటమట నుంచి ఒకావిడ వచ్చారు. సందు మలుపులో స్కూటర్ గోడకి కొట్టుకుంది. ఇంట్లో అందరూ "నీకు బండి రాదు" అన్నారట, ఆ భయంతో నడపడమే మానేశారు. స్టాండ్ వేసి స్టార్ట్ చేసి హ్యాండిల్ ఎడమకి తిప్పాను, ఇంజన్ గుయ్యిమంది. అంతకుముందే ఎక్కడో సర్వీసింగ్‌లో కేబుల్ బిగించేశారు. "తప్పు మీది కాదమ్మా" అన్నాను. లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ సరిచేసి, మళ్లీ బిగిస్తే అయిపోయిన పని అది. ఆ మాట ఇంట్లోవాళ్లకి కూడా చెప్పమని ఆవిడ నాచేత ఫోన్ చేయించారు.

ఇంట్లోనే చూసుకోండి. మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రం నేలకి తగలకుండా ఐడిలింగ్‌లో ఉంచి, హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పండి. శబ్దం మారకూడదు. గ్రిప్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి.

అపోహ: గ్రిప్ బిగుసుకుంటే ఆయిల్ పోస్తే చాలు.

వాస్తవం: ఒక్క పోగు తెగినా, లోపల తుప్పు పట్టినా కేబుల్ మార్చాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బండ్లకి చాలామంది ఇంజన్ ఆయిల్ మార్చారు, కేబుల్ సంగతి మర్చిపోయారు. ఆ బురద అందులోనే ఉండిపోయింది.

అపోహ: బీఎస్6 బండికి కేబుల్ ఉండదు.

వాస్తవం: ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) వచ్చినా మామూలు బైకులు, స్కూటర్లలో చాలావాటికి కేబులే ఉంది. కొన్ని బైకులకే లేదు.

దారిలో రేజ్ ఇరుక్కుంటే కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే మీట) నొక్కండి, లేకపోతే తాళం ఆఫ్ చేయండి, హ్యాండిల్ లాక్ వైపు మాత్రం తిప్పకండి. గేర్ల బండైతే క్లచ్ కూడా పట్టండి. ఆ తర్వాత షెడ్డుదాకా తోసుకునే రండి.