ఇంటర్నెట్‌కి ఊరూరా ఒక క్లియరింగ్ హౌస్

విజయవాడ నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఇంట్లో ఒక కంపెనీ బ్రాడ్‌బ్యాండ్, షాపులో ఇంకో కంపెనీది. ఇంటి నుంచి షాపు కనెక్షన్‌కి ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిన పోతోందో చూపే కమాండ్) వేస్తే మధ్యలో ముంబై రూటర్ల (డేటాకి దారి చూపే పెట్టెల) పేర్లు కనిపిస్తున్నాయట. "ఆటోలో పది నిమిషాల దూరానికి ముంబై మీదుగా తిప్పడం ఏంటండీ?" అని ఆయన ప్రశ్న.

కావాలని తిప్పడం కాదు, వాళ్లకి వేరే దారి లేదు. రెండు కంపెనీల తీగలూ ఆయన వీధిలో ఒకే స్తంభం మీద వేలాడుతూ ఉండొచ్చు. అయినా ఆ రెండు నెట్‌వర్క్‌లూ ఎక్కడో ఒకచోట కావాలని కలుసుకుంటే తప్ప ఇటు ప్యాకెట్ అటు పోదు. ఆ కలుసుకునే చోటు ముంబైలో ఉంటే ముంబై, సింగపూర్‌లో ఉంటే సింగపూర్. మన దేశంలో ప్రైవేటు కంపెనీలు కొత్తగా ఇంటర్నెట్ ఇస్తున్న రోజుల్లో ఒక కంపెనీ కస్టమర్ ఇంకో కంపెనీ కస్టమర్‌కి పంపిన మెయిల్ సముద్రం దాటి వెళ్లి తిరిగి వచ్చేది. ఆ రానూపోనూ ఖర్చు డాలర్లలో మనమే కట్టుకున్నాం.

ప్యాకెట్ అంటే డేటా ముక్క, ఐపీ అడ్రస్ అంటే అది చేరాల్సిన చిరునామా, అంతకుమించి వివరాలు ఇక్కడ చెప్పను. ఏ డిప్లొమా పుస్తకం తిరగేసినా ఉంటాయి. వాటికంటే నాకు చెక్కుల సంగతి చెప్పాలనుంది.

పాత రోజుల్లో బ్యాంకులో చెక్కు వేస్తే గుమస్తా అడిగే మొదటి మాట: "లోకలా, అవుట్‌స్టేషనా?" లోకల్ అయితే రెండు మూడు రోజుల్లో డబ్బు పడేది. అవుట్‌స్టేషన్ అయితే పోస్టులో ఆ ఊరు వెళ్లి రావాలి, వారాలు పట్టేది. లోకల్ చెక్కు అంత తొందరగా ఎలా మారేదంటే, ఊళ్లో అన్ని బ్యాంకుల గుమస్తాలూ రోజూ ఒక వేళకి ఒకే గదిలో కలిసేవారు. ప్రతివాడూ మిగతా బ్యాంకుల చెక్కులు కట్టలు కట్టి తెచ్చి, ఎవరివి వాళ్లకి ఇచ్చేసి, తనవి తీసుకునేవాడు. ఆ గదే క్లియరింగ్ హౌస్. గది నడిపేవాళ్లకి ఏ చెక్కు మీద ఎంత రాసుందో, ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో అక్కర్లేదు. బల్లా కుర్చీలూ వేసి, వేళ తప్పకుండా తలుపు తీస్తే చాలు.

ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ పాయింట్ అచ్చంగా ఇదే. బల్ల స్థానంలో ఈథర్‌నెట్ స్విచ్, అంటే తనకి గుచ్చిన తీగలన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపే పెట్టె ఉంటుంది. ఊళ్లోని నెట్‌వర్క్‌లన్నీ తలా ఒక ఫైబర్ తెచ్చి అందులో గుచ్చుతాయి. 1994లో లండన్‌లో ఐదు నెట్‌వర్క్‌లు కలిసి మొదలుపెట్టిన ఎక్స్ఛేంజ్‌కి ఉన్న సామానంతా ఒక చిన్న పెట్టె.

సామాను చిన్నదే. తెచ్చిన కట్టలో ఏ చెక్కు ఎవరిదో తేల్చుకోవడమే అసలు పని. చెక్కు అడుగున తొమ్మిది అంకెల ఎంఐసీఆర్ కోడ్ చూసే ఉంటారు. మొదటి మూడు అంకెలు ఊరు (హైదరాబాద్ 500, విజయవాడ 520, పిన్‌కోడ్‌లో ఉన్నట్టే), తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు బ్రాంచి. ఇంటర్నెట్‌లో బ్యాంకు నంబర్ లాంటిది ఏఎస్ నంబర్, అంటే నెట్‌వర్క్ నంబర్. బ్రాంచి కోడ్ లాంటిది ప్రిఫిక్స్, అంటే అడ్రసుల గుంపు. తేడా ఒక్కటే. ఎంఐసీఆర్ కోడ్‌ని రిజర్వ్ బ్యాంకు ముందే నిర్ణయించి అచ్చు వేయిస్తుంది. ఇంటర్నెట్‌లో మాత్రం "ఈ అడ్రసులు నా దగ్గరున్నాయి" అని ఎవరికి వాళ్లు చాటింపు వేసుకోవాలి. ఆ చాటింపు భాషే బీజీపీ.

ఎక్స్ఛేంజ్‌లో వంద నెట్‌వర్క్‌లుంటే, ప్రతి ఒక్కరూ మిగతా 99 మందితో విడివిడిగా చాటింపు ఒప్పందం పెట్టుకోవాలంటే 4,950 జతలు. 2,000 నెట్‌వర్క్‌లైతే 19,99,000 జతలు. అందుకే రూట్ సర్వర్ అని ఒకటి పెడతారు. అందరూ దానికొక్కదానికే చెబితే అది అందరికీ చెబుతుంది. ఇందులో ఒక ముచ్చటైన సూక్ష్మం ఉంది. రూట్ సర్వర్ తన నంబర్‌ని దారిలో రాసుకోదు, నెక్స్ట్ హాప్‌నీ (సరుకు తర్వాత ఏ రూటర్‌కి ఇవ్వాలన్న వివరాన్నీ) మార్చదు. అంటే జాబితా దాని ద్వారా వస్తుంది గానీ సరుకు దాని ద్వారా పోదు. ప్యాకెట్లు స్విచ్ మీదుగా నేరుగా ఒకరి రూటర్ నుంచి ఇంకొకరి రూటర్‌కి వెళ్తాయి. క్లియరింగ్ హౌస్ గోడకి ఏ బ్యాంకు గుమస్తా ఏ కుర్చీలో కూర్చున్నాడో రాసి పెట్టిన పలక అన్నమాట. పలక చెక్కులు మొయ్యదు.

ఇంజినీరింగ్ కాలేజీల్లో నెట్‌వర్క్ పనిని అంతస్తులుగా విడగొట్టి చూపే ఓఎస్ఐ ఏడు లేయర్లని పిల్లల చేత వేమన పద్యంలా వల్లె వేయిస్తారు. వైవాలో ఐదో లేయర్ పని అడుగుతారు, ఆ లేయర్ ఇంటర్నెట్‌లో విడిగా ఎక్కడా కనిపించకపోయినా సరే. ప్రపంచాన్ని కలిపి ఉంచే బీజీపీకి మాత్రం అర పేజీ. అందులోనూ డబ్బు ప్రస్తావన ఉండదు. అక్కడే కథంతా పోతుంది, ఎందుకంటే బీజీపీ దగ్గరి దారి కోసం వెతకదు. ఒకే గమ్యానికి రెండు దారులుంటే ముందు చూసేది లోకల్ ప్రిఫరెన్స్ అనే అంకె. దాన్ని ఆ నెట్‌వర్క్ ఇంజినీరు చేత్తో రాస్తాడు. మామూలుగా ఎలా రాస్తాడంటే, నాకు డబ్బిచ్చే కస్టమర్ దారి మొదట, ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేని ఎక్స్ఛేంజ్ దారి రెండోది, నేను డబ్బు కట్టాల్సిన పెద్ద కంపెనీ దారి ఆఖరున. ప్యాకెట్ వెళ్లే దారి పద్దు పుస్తకాన్ని బట్టి తేలుతుంది. మ్యాపు తర్వాతి సంగతి.

ఇప్పుడు రెండు దేశాల కథ.

బ్రెజిల్‌లో ఇంటర్నెట్ స్టీరింగ్ కమిటీ 2004లో పీటీటీ మెట్రో అని ఒక ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు ఐఎక్స్ డాట్ బీఆర్. పేరులోని 'మెట్రో'లోనే ఉపాయమంతా ఉంది. ఒక నగరానికి ఒకే ఎక్స్ఛేంజ్, కానీ ఒకే భవనం కాదు. నగరంలో అక్కడక్కడా కొన్ని భవనాల్లో స్విచ్‌లు పెట్టి, వాటిని డార్క్ ఫైబర్‌తో (ఎవరూ వాడకుండా ఖాళీగా ఉన్న ఫైబర్‌తో) కలిపి, మొత్తాన్ని ఒకే బల్లగా చేశారు. ఏ భవనంలో గుచ్చినా అందరూ అందుతారు. దీనివల్ల భవనం యజమాని అద్దె పెంచి మెడ మీద కూర్చోలేడు, నచ్చకపోతే పక్క భవనానికి పోవచ్చు.

మరో నిర్ణయం ఇంకా నచ్చుతుంది నాకు. నగరాల మధ్య తీగ వేయలేదు. సావో పాలో ఎక్స్ఛేంజ్ వేరు, రియో ఎక్స్ఛేంజ్ వేరు. 'జాతీయ నెట్‌వర్క్' అంటూ ఊళ్లని కలపకపోవడం ఏమిటి అనిపిస్తుంది. కలిపితే రెండు చిక్కులున్నాయి. ఊరికీ ఊరికీ మధ్య సరుకు మోయడం సభ్య కంపెనీల వ్యాపారం. ఎక్స్ఛేంజే దానికి పోటీకి దిగితే వాళ్లు బల్ల వదిలి పోతారు. రెండోది సాంకేతికం. స్విచ్‌ల మధ్య ప్యాకెట్ తొడుక్కునే కవరు లాంటి ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి ఆయుష్షు ఉండదు. ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అంకె రూటర్ రూటర్‌కీ తగ్గి సున్నా అయితే ప్యాకెట్ చస్తుంది. ఈథర్‌నెట్‌లో అలాంటిది లేదు. పొరపాటున వలయం ఏర్పడితే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ (అందరికీ పంపేది) తిరుగుతూ, రెట్టింపవుతూ మొత్తం స్విచ్‌ల గొంతు పిసికేస్తుంది. అందుకే ప్రతి సభ్యుడి పోర్టులో (తీగ గుచ్చే చోట) ఒక్క మ్యాక్ అడ్రస్‌నే, అంటే ఒక్క పరికరం గుర్తింపు నంబర్‌నే అనుమతించడం, సభ్యుల స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకునే స్పానింగ్ ట్రీ ఫ్రేములు పారేయడం, బ్రాడ్‌కాస్ట్‌కి హద్దు పెట్టడం లాంటి కట్టుబాట్లు. వలయం ఏర్పడితే ఒక ఊరు పడిపోవాలి గానీ దేశం కాదు. చెక్కుల సంగతి కూడా ఇంతే కదా. ఊరూరా క్లియరింగ్ హౌస్ ఉండేది, అన్నింటికీ నియమాలు ఒకటే, కట్టలు మాత్రం ఊరు దాటేవి కావు. ఎక్స్ఛేంజ్‌ల విషయంలోనూ 'జాతీయం' కావలసింది నియమావళి.

ఖర్చు ఎవరు భరించారు? డాట్ బీఆర్ (బ్రెజిల్ వెబ్‌సైట్ల పేర్ల చివర ఉండేది) పేర్లు అమ్మగా వచ్చిన డబ్బుతో నడిపారు. ఎన్ని బైట్లు మార్చుకున్నా లెక్క లేదు. మన కేబుల్ ఆపరేటర్ల లాంటి చిన్న చిన్న కంపెనీలు వేలల్లో వచ్చి గుచ్చుకున్నాయి. ఇప్పుడు ముప్ఫైకి పైగా నగరాల్లో ఉంది. 2020 మార్చిలో మొత్తం రద్దీ సెకనుకి 10 టెరాబిట్లు దాటింది. 5 మెగాబిట్ల వీడియో ఒకేసారి 20 లక్షల మంది చూస్తున్నంత. సావో పాలోది ప్రపంచంలోని అతి పెద్ద ఎక్స్ఛేంజ్‌లలో ఒకటి.

మన కథ అంతకంటే ముందే మొదలైంది. 2003 జూన్‌లో నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, లాభాపేక్ష లేని కంపెనీగా పుట్టింది. మొదట నోయిడా, ముంబై, చెన్నై, కోల్‌కతా. తర్వాత హైదరాబాద్ లాంటి నగరాలు. 2005 నుంచి డాట్ ఇన్ పేర్ల బాధ్యత కూడా దానిదే. అంటే బ్రెజిల్‌కున్న హుండీ లాంటిదే మనకీ ఉంది. తేడా అంతా ఒక మీటరులో ఉంది. దాని పేరు ఎక్స్-వై.

నియమం ఇది. నువ్వు ఎక్స్ఛేంజ్ నుంచి తీసుకున్న డేటా ఎక్స్, ఇచ్చిన డేటా వై. ఎక్స్ ఎక్కువైతే ఆ తేడాకి జీబీ లెక్కన నువ్వు కట్టాలి. వై ఎక్కువైతే నీకే వస్తుంది. చూడ్డానికి అచ్చం క్లియరింగ్ హౌస్‌లో సాయంత్రం తేల్చే నికర బాకీలా ఉంది కదా? పప్పులో కాలేసింది ఇక్కడే. చెక్కు అంటేనే డబ్బు, ఎవరు ఎవరికి బాకీయో దాని మీదే రాసి ఉంటుంది. బైటు మీద అది రాసి ఉండదు. మీటరుకి తెలిసేది బైటు ఏ దిక్కుగా పోయిందన్నదే. వీడియో అడిగిన వాడికి అవసరమా, చూపించిన వాడికి లాభమా? ఎవడో గిట్టనివాడు చెత్త ప్యాకెట్లు కుమ్మరించినా మీటరు దృష్టిలో నువ్వు 'తీసుకున్నావు'.

ఉద్దేశం మంచిదే, దేశంలో సర్వర్లు పెట్టేవాళ్లకి నాలుగు డబ్బులు రావాలని. కానీ ఇళ్లకి నెట్ ఇచ్చే కంపెనీ స్వభావమే డౌన్‌లోడ్. దాని ఎక్స్ ఎప్పుడూ పెద్దదే, నెలనెలా కట్టాల్సిందే. ఇక ఇంజినీరు లోకల్ ప్రిఫరెన్స్ అంకె ఎలా రాస్తాడో ఊహించండి. ఉచితం కావాల్సిన దారికి ధర వచ్చి కూర్చుంది. అతని దగ్గర ఇంకో మీట కూడా ఉంది. ఏ రూటర్ అయినా ఒక అడ్రస్‌కి దారి చూసేటప్పుడు ఆ అడ్రస్ ఉన్న గుంపుల్లో అతి చిన్నదాన్నే ఎంచుకుంటుంది. ఎక్స్ఛేంజ్‌లో 65,536 అడ్రసుల పెద్ద గుంపుగా చాటించి, బయట మరో దారిలో అవే అడ్రసుల్ని 256 చొప్పున ముక్కలుగా చాటిస్తే, సరుకంతా బయటి దారినే వస్తుంది. బల్ల దగ్గర మనిషి కూర్చునే ఉంటాడు, కట్టలు మాత్రం రావు. అసలు కొన్ని అడ్రసులు చాటించకపోవడం ఇంకా సులువు. పెద్ద కంపెనీకి అందులో లాభం కూడా ఉంది, దాని కస్టమర్లని చేరడానికి చిన్న కంపెనీ దాని దగ్గరే డబ్బిచ్చి బ్యాండ్‌విడ్త్ కొనాలి. ఈ పని సరిగ్గా సాగడం లేదని గమనించి 2007లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిక్సీని మెరుగుపరచడం మీద సిఫార్సులు ఇచ్చింది. ఆ ఎక్స్-వై చాలా ఏళ్ల తర్వాత గానీ పోలేదు. ఈలోగా ముంబై లాంటి చోట్ల ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు వచ్చి, బైట్ల లెక్క లేకుండా పోర్టు అద్దె మాత్రం తీసుకుని, సభ్యుల్ని లాగేసుకున్నాయి.

మొత్తం తప్పు మీటరు మీద వేయడం కూడా న్యాయం కాదు. బ్రెజిల్‌లో మార్కెట్ వేల ముక్కలు. మన దగ్గర బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్లలో దాదాపు 80 శాతం రెండు కంపెనీల దగ్గరే ఉన్నారు. ఊళ్లో ఖాతాలన్నీ రెండు బ్యాంకులవే అయితే చెక్కులు చాలావరకు లోపల్లోపలే మారిపోతాయి, మిగిలినవి ఆ ఇద్దరూ విడిగా మార్చుకుంటారు. పైగా యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి తమ నకళ్ల పెట్టెల్ని నేరుగా ఆ కంపెనీల గదుల్లోనే పెట్టేశాయి. బల్ల అవసరం మిగిలింది చిన్న కంపెనీలకి, కాలేజీలకి, ఆసుపత్రులకి, ఊళ్లో వ్యాపారాలకి.

ఆ అవసరం చిన్నదేమీ కాదు. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్లకీ రానూపోనూ ఒక మిల్లీసెకను. విజయవాడ నుంచి ముంబైకి తీగ 1,200 కిలోమీటర్లు అనుకుంటే రానూపోనూ 12. ఒక పేజీ తెరవాలంటే పేరుకి అడ్రస్ కనుక్కోవడం, పలకరింపు, తాళం వేసుకోవడం, అసలు అడగడం కలిసి మామూలుగా నాలుగు సార్లు వెళ్లి రావాలి. కెన్యా అనుభవం ఇంకా గట్టిది. నైరోబీలో 2000 నవంబర్‌లో ఎక్స్ఛేంజ్ మొదలైతే, అక్కడి టెలికాం సంస్థ ఫిర్యాదు చేసి రెండు వారాల్లో మూయించింది. 2002లో మళ్లీ తెరిచారు. అంతకుముందు 200 నుంచి 600 మిల్లీసెకన్లు పట్టే దారి 2 నుంచి 10కి దిగింది.

అన్నట్టు, ఈశాన్యంలో బరువుండకూడదని సర్వర్ ర్యాక్‌ని నైరుతికి జరిపించేవాళ్లున్నారు. ఆయుధపూజ రోజు స్విచ్‌కి బొట్టు పెడతారు. పెట్టనివ్వండి. కాకపోతే సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే సందు వెడల్పు 9 మైక్రాన్లే. కనెక్టర్ మూత తీసి ఉన్నప్పుడు కుంకుమ రవ్వ ఒక్కటి అక్కడ పడితే లింకు పోవచ్చు. ఆ దోషానికి శాంతి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనే.

ఎక్స్ఛేంజ్‌లు ఇప్పుడు చిన్న నగరాలకీ వస్తున్నాయి. 2022లో ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఆగ్రా, కాన్పూర్, లక్నో, వారణాసితో సహా ఏడు చోట్ల నిక్సీ కొత్త కేంద్రాలు తెరిచింది. మన తీరంలో విశాఖపట్నానికి సముద్రపు కేబుళ్లు తెస్తామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. బ్రెజిల్‌లో ఇలాంటి ఊరు ఫోర్తలేజా. కేబుళ్లు తీరం చేరే చోటు, దేశంలోని పెద్ద ఎక్స్ఛేంజ్‌లలో ఒకటి ఉన్న చోటు కూడా. కేబుల్ దిగినంత మాత్రాన విశాఖలో ఎక్స్ఛేంజ్ పెరగదు. దిగిన కేబుల్‌లోని సరుకు ఏ ఎక్స్ఛేంజ్‌నీ తాకకుండా నేరుగా హైదరాబాద్‌కో ముంబైకో పోవచ్చు. ఆ కేబుల్ స్టేషన్ నుంచి ఊళ్లోని రెండు మూడు వేర్వేరు యజమానుల భవనాలకి డార్క్ ఫైబర్ ఉండాలి. గాజువాక కేబుల్ ఆపరేటర్ కూడా అద్దెకి తీసుకోగలిగేంత చవగ్గా ఉండాలి. ఆ ఫైబర్ అద్దె ఎంత పెడతారన్నది నేను చూడబోయే మొదటి అంకె.