కోరి తెచ్చుకున్న జబ్బూ జబ్బే

షుగర్ జబ్బు లేని ఒకామె ఒళ్లంతా చెమటలు పట్టి, వణుకుతూ, స్పృహ తప్పే స్థితిలో ఆసుపత్రికి వస్తుంది. చూస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కిస్తే తేరుకుంటుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే. క్లోమంలో గడ్డ ఏదైనా ఇన్సులిన్‌ను అదుపు లేకుండా వదులుతోందేమోనని స్కాన్ల మీద స్కాన్లు తీస్తారు. గడ్డ కనబడదు.

ఈ ముడి విప్పడానికి ఒక రక్తపరీక్ష ఉంది. మన క్లోమం ముందు ప్రోఇన్సులిన్ అనే పెద్ద అణువును తయారుచేసి, తర్వాత దాన్ని తెంపుతుంది. అందులోంచి ఇన్సులిన్ ఎన్ని అణువులు వస్తాయో, సి-పెప్టైడ్ అనే ముక్కలూ అన్నే వస్తాయి. మందుల షాపులో దొరికే ఇన్సులిన్‌లో ఈ సి-పెప్టైడ్ ఉండదు. అందుకే చక్కెర పడిపోయిన సమయంలో తీసిన రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగానూ, సి-పెప్టైడ్ అతి తక్కువగానూ ఉంటే, ఆ ఇన్సులిన్ సూదిలోంచి వచ్చిందని అనుమానించాలి. సూదికి బదులు కొన్ని రకాల షుగర్ మాత్రలు మింగితే రెండూ పెరుగుతాయి. అప్పుడు రక్తంలో ఆ మందు కోసమే వెతకాలి.

ఇలా తనకు తానే జబ్బు తెచ్చిపెట్టుకోవడాన్ని వైద్యులు ఫ్యాక్టీషియస్ డిజార్డర్ అంటారు. దీని తీవ్ర రూపాన్ని 1951లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ లాన్సెట్ పత్రికలో వర్ణించి, మంచాసెన్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. గొప్పలు కల్పించి చెప్పడంలో పేరుమోసిన జర్మన్ బారన్ పేరు అది. ఒంటి మీద అక్కర్లేని ఆపరేషన్ల కోతలు పడిన మనిషికి ఆ పేరు తగిలించడం నాకు నచ్చదు. బడి ఎగ్గొట్టడానికి పిల్లలు చెప్పే కడుపునొప్పి, బీమా డబ్బు కోసం ఆడే నాటకం వేరు. ఇక్కడ అలాంటి లాభమేమీ ఉండదు. రోగిగా ఉండటమే వాళ్లకు కావాలి. అబద్ధం కారణంలో ఉంది కానీ, పడిపోయిన చక్కెర నిజం. దానివల్ల మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

సూది ఎవరు పొడిచారో మాత్రం ఆ రక్తపరీక్ష చెప్పదు. కొన్నిసార్లు పొడిచేది మరొకరు. ఇలా పెద్దవాళ్లు పిల్లలకు జబ్బు తెచ్చిపెట్టడం గురించి 1977లో బ్రిటిష్ పిల్లల వైద్యుడు రాయ్ మెడో ఇద్దరు పిల్లలను ఉదాహరణగా చూపి రాశారు. ఒక తల్లి బిడ్డ మూత్రం నమూనాలను కల్తీ చేసింది. ఇంకో తల్లి బిడ్డ ఒంట్లోకి పదేపదే ఉప్పు ఎక్కించింది, చివరికి వాడు చనిపోయాడు. అక్కడ ఈ జబ్బు ఉన్నది పిల్లలకు కాదు, పిల్లలు బాధితులు. ముందు చేయాల్సింది వాళ్లను కాపాడటం.

తనకు తానే చేసుకున్న మనిషిని రిపోర్టు చూపించి నిలదీస్తే ఒప్పుకునేది తక్కువ. చాలాసార్లు ఆ రాత్రే డిశ్చార్జి అడిగి వెళ్లిపోతారు. మరో ఊళ్లో, మరో ఆసుపత్రిలో చేరతారు. అక్కడ మళ్లీ మొదటి నుంచి స్కాన్లు.