840 అడుగుల దిగువన సంగమేశ్వరం

ఏటా మాఘ ఫాల్గుణాల్లో కర్నూలు, నంద్యాల, నాగర్‌కర్నూల్ వైపు ఒకటే ప్రశ్న. సంగమేశ్వరుడు ఈసారి ఎప్పుడు బయటపడతాడు? జవాబు పంచాంగంలో దొరకదు. ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉండే శివాలయం ఇది. శ్రీశైలం జలాశయం నీటిమట్టం (సముద్రమట్టం నుంచి లెక్క) 840 అడుగుల దాపుకు దిగితే గుడి ఆవరణ తేలుతుంది. అందుకే ఈ యాత్రకు ముహూర్తం పెట్టేది పురోహితుడు కాదు, రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖలు. శివరాత్రికి వెళ్లి ఒడ్డు నుంచే దండం పెట్టుకుని తిరిగొచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. పని సాగీ సాగక పద్దెనిమిదేళ్లు పట్టింది. 1981లో వెనుక జలాలు పైకి రావడంతో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లు మునిగాయి. ఖాళీ చేయని ఇళ్లను ఆ ఏడాది కూలగొట్టించారు. ఊళ్లతో పాటే కృష్ణ, తుంగభద్ర తీరాల్లోని గుళ్లు. చాళుక్యుల కాలం నుంచి విజయనగరం దాకా కట్టినవి, కొన్ని నిత్యపూజల్లో ఉన్నవి, కొన్ని అప్పటికే పాడుబడినవి. పురావస్తు శాఖలు వీటిలో కొన్నిటిని రాయి రాయి విప్పి మెట్టకు చేర్చాయి, మిగిలినవి నీళ్లలోనే ఉండిపోయాయి. ఇవాళ ఈ ప్రాంతానికి వెళ్లే యాత్రికుడికి ఎదురయ్యే తికమకలో ముప్పాతిక అక్కడి నుంచి వచ్చిందే.

మొదటి తికమక పేరుది. సంగమేశ్వరాలు రెండు. ఒకటి కూడవెల్లి సంగమేశ్వరం, కృష్ణలో తుంగభద్ర కలిసే చోట ఉండేది. దాన్ని విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు. అంటే ఏడాది పొడుగునా చూడొచ్చు. రెండోది సప్తనదీ సంగమేశ్వరం. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలంలో, ఆ కలయికకు దిగువన ఉంది. తేలేదీ మునిగేదీ ఇదే. ఫోన్‌లో సంగమేశ్వరం అని కొట్టి, దారి ఎటు చూపిస్తే అటు పోయి, అలంపూర్‌లో దిగి ‘నీళ్లేవి’ అని అడిగేవాళ్లున్నారు.

సప్తనదుల లెక్క కూడా కాస్త విడమరచి చెప్పుకోవాలి. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి (భీమ), మలాపహారిణి (మలప్రభ), భవనాసి: ఈ ఏడూ ఇక్కడ కలుస్తాయని సంకల్పంలో చెప్తారు. నిజానికి తుంగ, భద్ర కర్ణాటకలోనే ఒకటవుతాయి. మలప్రభ, భీమ ఎగువనే కృష్ణలో కలుస్తాయి. తుంగభద్ర కూడవెల్లి దగ్గర చేరుతుంది. అన్నీ కలిసి వచ్చిన కృష్ణకు ఇక్కడ కొత్తగా తోడయ్యేది భవనాసి ఒక్కటే, నల్లమల వైపు నుంచి వచ్చే వాగు. స్నానఫలం ఏడు నదులదే అయినా, ఒడ్డున నిలబడి ఏడు పాయలు వెతుక్కోనక్కర్లేదు.

ఇక నీటి లెక్క. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అంటే నిండు కుండలా ఉన్నప్పుడు గుడి ఆవరణ మీద నలభై అయిదు అడుగుల దాకా నీళ్లుంటాయి. 1981లో మునిగిన గుడి మళ్లీ జనానికి కనిపించింది 2003లో. దాని వెనక ఒక ప్రభుత్వ ఉత్తర్వు కూడా ఉంది. కనీస నీటిమట్టాన్ని 834 అడుగులుగా పెడుతూ 1996లో జీవో 69 వచ్చింది. అంటే 840 కిందికి తోడుకోవడానికి తలుపు తెరిచి ఉంది. ఆపై కృష్ణా పరీవాహకంలో వరస కరువులు వచ్చాయి, వచ్చిన నీళ్లు వచ్చినట్టే దిగువకు పోయాయి. 2004లో జీవో 107 కనీస మట్టాన్ని 854కు పెంచింది. ఆ మాట అక్షరాలా నిలిచిన ఏడాది గుడి తేలే అవకాశమే లేదు. పద్నాలుగు అడుగుల తేడా. రాయలసీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు తూము గడప 841 అడుగుల దగ్గర ఉంది కాబట్టి 854 ఉండాలని ఒకవైపు వాదన, కుడి గట్టు 770, ఎడమ గట్టు 900 మెగావాట్ల కరెంటుకు, నాగార్జునసాగర్ అవసరాలకు కిందికి వదలాల్సిందేనని ఇంకోవైపు. రాష్ట్రం విడిపోయాక ఈ తగాదా ముదిరింది. 2017లో వచ్చిన ముచ్చుమర్రి ఎత్తిపోతల పథకం మట్టం బాగా పడిపోయినా తోడుకోగలదు. యాత్రికుడి వైపు నుంచి చూస్తే ఎవరు ఎక్కువ తోడితే అంత త్వరగా దర్శనం. రైతు వైపు నుంచి చూస్తే గుడి త్వరగా తేలిందంటే ఆ ఏడాది చేను ఎండుతోందని అర్థం. ‘అరుదైన దృశ్యం’ అని సంబరంగా రాసే వార్తల్లో ఈ రెండో ముక్క ఉండదు.

కాబట్టి బయలుదేరే ముందు చూడాల్సింది తిథి కాదు, ఆ రోజు నీటిమట్టం. జిల్లా ఎడిషన్లలో ప్రాజెక్టుల నీటిమట్టాలు రోజూ వేస్తారు. మట్టం 840 దగ్గరకు రాగానే పరుగెత్తొద్దు. అప్పుడే తేలిన నేల మీద ఒండ్రు మోకాలి లోతు ఉంటుంది. పైన పెచ్చుకట్టి గట్టిగా కనిపిస్తుంది, కాలు వేస్తే దిగబడుతుంది. కార్లు కూరుకుపోయేదీ అక్కడే. మట్టం ఇంకో మూడు నాలుగు అడుగులు తగ్గి, వారం పది రోజులు ఎండ కాశాక నేల బిగుస్తుంది. ఎదర వెళ్లిన బండి జాడ ఉన్న చోటే బండి దింపాలి, లేదంటే గట్టు మీద ఆపి నడవాలి. దారులు నందికొట్కూరు వైపు నుంచీ, ఆత్మకూరు వైపు నుంచీ ఉన్నాయి. తేలేది ఎండాకాలంలో, చుట్టూ చెట్టు నీడ అనేది లేదు. తొమ్మిదింటి లోపు చేరి పదకొండింటికి బయటపడేలా పెట్టుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా తీసుకెళ్లాలి. గుడి దగ్గర చెప్పులు విడిచాక రాతి పలకలు పదింటికే చుర్రుమంటాయి, పలచని మేజోళ్లు ఉంటే మేలు.

అవతలి గట్టు సోమశిల నుంచి పడవలో వచ్చేవాళ్లూ ఎక్కువే. కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరి అక్కడ పడవ ఎక్కుతారు. చూడ్డానికి హాయిగా ఉంటుంది గానీ ఇది చెరువు కాదు, మధ్యాహ్నం గాలి లేస్తే అలలు గట్టిగానే వస్తాయి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయింది ఈ నీళ్లలోనే. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, జనం ఎక్కే కొద్దీ ఎక్కించుకునే పడవ ఎక్కవద్దు. తిరుగు ప్రయాణం గాలి లేవకముందే.

గుడి దగ్గర చూడాల్సింది గర్భగుడిలో ఉంది. మూలవిరాట్టు రాయి కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠకు సిద్ధమైతే కాశీ నుంచి లింగం తేవడానికి వెళ్లిన భీముడు వేళకు రాలేదట. ముహూర్తం దాటుతుందని ఉన్న వేప మొద్దునే లింగంగా చెక్కి నిలిపారట. ఆలస్యంగా వచ్చిన భీముడు అలిగి తన లింగాన్ని విసిరేశాడని, అతన్ని ఊరడించడానికి తొలిపూజ భీమలింగానికే అని స్థలపురాణం. నలభై ఏళ్లుగా ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉన్నా కర్ర ఎలా నిలిచిందని అందరూ అడుగుతారు. పూర్తిగా మునిగిన కర్రకు గాలి తగలదు, కర్రను తినే బూజుకు గాలి కావాలి, కాబట్టి పుచ్చడం చాలా నెమ్మదిస్తుంది. చెరువులో నానేసిన దూలాల సంగతి వడ్రంగులకు తెలిసిందే. కర్రకు అసలు చేటు తడి ఆరి, మళ్లీ తడవడంలో ఉంది. తేలిన రోజుల్లో లింగం మీద చెయ్యి వేయడం, పసుపు కుంకుమలు రుద్దడం మానుకోవాలని చెప్పేది అందుకే. రాతికట్టడానికీ ఇదే బాధ. గర్భగుడి నిలిచింది గానీ ప్రాకారం చాలా భాగం కూలింది. పునాదిలోని మట్టి నీళ్లు ఎక్కినప్పుడు ఉబ్బి, దిగినప్పుడు కుంగుతుంది. మిగిలిన గోడల మీదికెక్కి సెల్ఫీలు దిగేవాళ్లు ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే బాగుండు.

మోసుకొచ్చిన గుళ్ల కథ వేరు. తెలుగు నేల మీద ఈ పనికి పాఠం నాగార్జునకొండ. 1955 డిసెంబరులో సాగర్ శంకుస్థాపన జరిగితే, అంతకు ఏడాది ముందు నుంచే అక్కడ తవ్వకాలు మొదలై, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ చేర్చారు. శ్రీశైలం దగ్గరకు వచ్చేసరికి ఎత్తాల్సినవి ఇటుక దిబ్బలు కావు, శిఖరాలతో నిలిచిన రాతి గుళ్లు. పద్ధతి ఇది. ముందు కొలతల పటాలు, ఫొటోలు. తరవాత ప్రతి రాయికీ రంగుతో అంకె, ఏ ముఖం, ఎన్నో వరస, అందులో ఎన్నోది అని. పూజలో ఉన్న గుడి అయితే కళాకర్షణ చేసి దైవశక్తిని కుంభంలోకి ఆవాహన చేశాకే రాతి మీద గునపం పడాలి. విప్పడం పైనుంచి కిందికి, కట్టడం కిందినుంచి పైకి. పాత కట్టడంలో రాళ్లను పట్టి ఉంచింది ఎక్కువగా వాటి బరువే, అందుకే వరస విప్పగానే పగుళ్లున్న రాళ్లు విడిపోతాయి. వాటి చోట కొత్త రాయి, సందుల్లో సిమెంటు వచ్చి చేరతాయి. తరలించిన గుడిని గుర్తుపట్టాలంటే వెతకాల్సినవి ఇవే: చెక్కడం సగంలో ఆగిపోయిన నున్నటి రాయి, బూడిద రంగు సిమెంటు గీత, చూరు కింద వాన తగలని చోట మిగిలిన అంకె.

అలంపూర్‌లో ఇది పక్కపక్కనే పోల్చి చూడొచ్చు. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టినవి, ఉన్నచోటే ఉన్నాయి. పేరు బ్రహ్మ, లోపల శివుడు. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్ల గుంపు తరలి వచ్చినవి. చాలామంది జోగులాంబ, బాలబ్రహ్మ దర్శనంతో సరిపెట్టి బస్సెక్కేస్తారు. జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో అయిదోది. పాత గుడి బహమనీల దాడిలో పోతే విగ్రహాన్ని బాలబ్రహ్మ ఆలయంలో కాపాడుకున్నారు. ఇప్పటి గుడి 2005 నాటిది. స్వర్గబ్రహ్మ చుట్టూ తిరక్కుండా, కూడవెల్లి గుడి ప్రాకారం మీది శిల్పాలు చూడకుండా వస్తే సగం యాత్రే. పూట పడుతుంది. చాలావరకు తూర్పు ముఖం గుళ్లు, పొద్దున్న ఎండ పడ్డప్పుడే చెక్కడం తేలుతుంది.

అలంపూర్‌లో తుంగభద్ర కనిపించదేమని అడుగుతుంటారు. వెనుక జలాల నుంచి నవబ్రహ్మలను కాపాడటానికి నదికీ గుళ్లకూ మధ్య కట్ట వేశారు. కట్ట ఎక్కితేనే నది. 2009 అక్టోబరులో 885 అడుగుల జలాశయం 896కు ఎగబాకినప్పుడు ఆ కట్టా ఆపలేదు, ఊరూ గుళ్లూ మునిగాయి.

సోమశిలలో, జటప్రోలులో, కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద కూడా ఇలా తరలిన గుళ్లున్నాయి. సంగమేశ్వరం దాకా వెళ్లేవాళ్లు ఇంకో రోజు కలుపుకుంటే ఇవి చూడొచ్చు. గుడి మునిగి ఉన్న నెలలో వెళ్లాల్సి వస్తే ఎగువన మెట్ట మీది ఉమామహేశ్వరాలయంలో దర్శనం చేసుకోవచ్చు. జులై, ఆగస్టుల్లో వరద తిరిగి వస్తుంది. నీళ్లు గర్భగుడి గడప తాకేదాకా అర్చన లోపల సాగుతుంది. ఆ తర్వాత శిఖరం కనిపించినన్నాళ్లు పడవ మీద వచ్చి శిఖరానికి హారతి ఇస్తారు.